తిరిగొచ్చిన బాక్సు నేర్పిన వంటలు

(తల్లిదండ్రుల పేజీ: ‘మా వంటింటి నుంచి’)



కొత్త విద్యాసంవత్సరం మొదలైంది. పుస్తకాలకు అట్టలు వేశాం, యూనిఫాం కుట్టించాం, ఫీజు మొదటి విడత కట్టేశాం. ఇక మిగిలింది రోజూ పొద్దున ఆరింటికి ఎదురుగా వచ్చి నిలబడే ప్రశ్న ఒకటే. ఈరోజు బాక్సులో ఏం పెట్టాలి?

ఈ ప్రశ్నతో పోయిన సంవత్సరమంతా నేను కుస్తీ పట్టాను. కొన్నిసార్లు గెలిచాను, చాలాసార్లు ఓడాను. ఆ ఏడాదిలో నా వంటింట్లోకి కొత్తగా వచ్చిన వాటి గురించి రాయమని మన పత్రిక వాళ్లు అడిగారు. కొత్తగా అంటున్నాను గానీ, వీటిలో చాలావరకు మా అవ్వలు, జేజిలు ఎరిగినవే. నాకే కొత్త.

మాది కర్నూలు. నా పుట్టిల్లు కడప, అత్తగారి ఊరు పత్తికొండ దగ్గర ఒక పల్లె. పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి, బాబు నాలుగు. నేను వంటల్లో పెద్ద ప్రవీణురాలిని కాను. ఇంట్లో అందరికీ వేళకు ఇంత వండిపెట్టి, పిల్లలను బస్సెక్కించే మామూలు గృహిణిని.

డైరీలో ఒక వాక్యం

పోయిన జులైలో పాప క్లాస్ టీచర్ డైరీలో ఒక వాక్యం రాసి పంపారు. మధ్యాహ్నం తర్వాత పాప శ్రద్ధ తగ్గుతోందని, స్టడీ అవర్లో తల వాల్చేస్తోందని. నాకు కోపం వచ్చింది. రాత్రిళ్లు ఫోన్ చూడడం వల్లేనని పాపను గట్టిగా తిట్టాను, ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టాను. వారం గడిచినా మార్పు లేదు. మెట్లెక్కితే ఆయాసం, పొద్దున లేస్తే తలనొప్పి. అప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ 9.6 వచ్చింది. పన్నెండేళ్ల పిల్లకు కనీసం 12 ఉండాలట.

అంటే, ఒంట్లో రక్తం చాలక వాలిపోతున్న పిల్లను నేను సోమరితనమని తిట్టాను. ఈ మాట ఇక్కడ రాయడం నాకు సులువు కాదు. మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్ల ఉండొచ్చనే రాస్తున్నాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. నూటికి దాదాపు అరవై మంది. ఫీజులు కట్టే ఇళ్లు, కట్టలేని ఇళ్లు అన్న తేడా చూసుకుని వచ్చే జబ్బు కాదిది.

డాక్టరమ్మ మూడు నెలలకు ఐరన్ మాత్రలు రాశారు, నులిపురుగుల మాత్ర ఒకటి ఇచ్చారు. తర్వాత నన్ను అడిగారు, పాప రోజంతా ఏం తింటుందని. నేను కాస్త గర్వంగానే చెప్పాను. పొద్దున టీ, బిస్కెట్లు. బాక్సులోకి తెల్లటి సోనా మసూరి అన్నం, బంగాళాదుంప వేపుడు. సాయంత్రం నూడుల్స్. రాత్రికి అన్నం, పెరుగు. చెబుతూ చెబుతూ ఉండగానే నా గొంతు తగ్గిపోయింది. కడుపు నిండుతోంది, ఒంటికి పట్టేది మాత్రం అందులో పెద్దగా లేదు.

ఆమె మూడు మాటలు చెప్పారు. టీ మానిపించండి, కనీసం తిండికి గంట అటూ ఇటూ దూరం పెట్టండి, ఎందుకంటే తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఆకుకూర, గింజధాన్యం ఏది పెట్టినా పక్కన నిమ్మకాయో, జామకాయో, ఏదో ఒక పులుపు పండు ఉండనివ్వండి, దానిలోని విటమిన్ సి ఆ ఇనుమును పట్టేలా చేస్తుంది. మాత్రలు మాత్రం ఆపొద్దు. తిండి మాత్రకు తోడే గానీ బదులు కాదు.

మొదటి ఓటమి: సజ్జ రొట్టె

ఇంటికి రాగానే లెక్కలు చూశాను. పాలిష్ పట్టిన బియ్యంలో వంద గ్రాములకు ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా లేదు. సజ్జల్లో ఆరు మిల్లీగ్రాములకు పైనే ఉంది. ఇంకేం, మరుసటి రోజే సూపర్ మార్కెట్ నుంచి సజ్జ పిండి పాకెట్ తెచ్చి రొట్టెలు చేసి బాక్సులో పెట్టాను. బాక్సు ఖాళీగా తిరిగొచ్చింది. రెండో రోజు, మూడో రోజు కూడా ఖాళీ. నేను పొంగిపోయాను.

నాలుగో రోజు బ్యాగు ఉతుకుదామని తీస్తే పక్క జేబులో మూడు రొట్టెలు, కాగితంలో చుట్టి, బూజు పట్టి ఉన్నాయి.

అప్పుడు అరవలేదు. ఒకసారి అరిచి తప్పు చేశాను కదా. పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. చాలాసేపటికి చెప్పింది. “అమ్మా, అది నల్లగుంది. బాక్సు తెరిస్తే అందరూ చూస్తారు. చేదుగా కూడా ఉంది.”

మొదటి మాట నన్ను కడప హాస్టల్‌కు తీసుకుపోయింది. ఇంటర్ చదివేటప్పుడు మా నాన్న ఆదివారం క్యారియర్‌లో రాగి సంగటి, శెనక్కాయల ఊరుబిండి తెచ్చేవాడు. నేను తోటి అమ్మాయిలకు కనబడకుండా వరండా చివరికి పోయి తినేదాన్ని. ‘సంగటోళ్లు’ అంటారని భయం. మా పెద్దల కాలంలో వరి అన్నం అంటే పండగ. కె.సి. కెనాల్ నీళ్లు పారే పొలాల్లో వరి, మిగతా మెట్టంతా జొన్న, కొర్ర, సజ్జ. తర్వాత 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన మంచి పని అది, కాదనను. దాంతోపాటు తెల్లన్నం తినేవాళ్లు పెద్దోళ్లు, సంగటి తినేవాళ్లు పేదోళ్లు అన్న లెక్క కూడా మా అందరి మనసుల్లో గట్టిపడింది. ఆ లెక్క నేను పాపకు నోటితో ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో ఒక్కరోజు కూడా రొట్టె చేయకపోవడమే చెప్పినట్లయింది.

రెండో మాట, చేదు గురించి. దానికి జవాబు మా అత్త దగ్గర దొరికింది. అప్పుడే ఆమె కంటి ఆపరేషన్ కోసం కర్నూలు వచ్చి మా ఇంట్లో ఉండింది. పొయ్యి దగ్గరికి పోవద్దని డాక్టర్లు చెప్పారు. కుర్చీలో కూర్చుని నల్ల కళ్లద్దాల వెనక నుంచే నా వంటింటిని నడిపించింది. పిండి పాకెట్ వాసన చూసి పక్కన పెట్టేసింది.

“పిండి మరలో ఆడించి ఎన్నాళ్లయిందో ఏమో. సజ్జ పిండి వారం దాటితే చేదెక్కుతాదమ్మా. పిల్ల ఎట్ల తింటాది?”

ఇది నా మొదటి ఆవిష్కరణ. సజ్జల్లో కొవ్వు కాస్త ఎక్కువ, అందుకే పిండి పట్టించాక త్వరగా పాడవుతుంది. గింజలు తెచ్చుకుని, వారానికి సరిపడా కిలో మాత్రమే మరలో ఆడించుకోవాలి. మిగిలితే గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. తాజా పిండితో, మరిగే నీళ్లు పోసి కలిపి, పీట మీద తట్టి కాల్చిన రొట్టె తియ్యగా ఉంటుంది. మూడు రోజులు నా పిల్ల చేసింది తప్పేమీ కాదు. నేను పెట్టిన రొట్టె నిజంగానే బాగాలేదు.

పేలాల పిండి

అదే నెలలో తొలి ఏకాదశి వచ్చింది. ఆ రోజు పేలాల పిండి తినడం మన దగ్గర చాలా ఇళ్లలో ఆనవాయితీ. నేనైతే ఏటా బజారులో చిన్న పొట్లం కొని, దేవుడి దగ్గర పెట్టి, నోట్లో చిటికెడు వేసుకుని మరిచిపోయేదాన్ని. ఈసారి అత్త చెప్పినట్లు ఇంట్లోనే చేశాను. జొన్నలు కాస్త నీళ్లు చల్లి, ఆరబెట్టి, బాగా కాలిన మూకుట్లో గుప్పెడు గుప్పెడు వేస్తే మల్లెమొగ్గల్లా పేలాయి. బాబు పొయ్యి దగ్గరి నుంచి కదల్లేదు. పేలని గింజలు ఏరేసి, పేలాలను మిక్సీలో వేసి, బెల్లం తురుము, యాలకులు, వేయించిన నువ్వులు కలిపాను.

సాయంత్రం ఐదున్నరకు బస్సు దిగే పిల్లలకు నూడుల్స్ కన్నా తొందరగా పెట్టగలిగేది ఇదే. రెండు చెంచాల నెయ్యి వేసి ఉండ కట్టి చేతిలో పెట్టడమే. నువ్వుల్లో ఇనుము, కాల్షియం రెండూ బాగా ఉంటాయి. ఏడాదికొకసారి కనిపించే పండగ తిండి మా ఇంట్లో వారానికోసారి చేసే స్నాక్ అయింది. నూడుల్స్ పూర్తిగా మానలేదు, నెలకు రెండుసార్లకు దిగింది. అది కూడా మాకు పెద్ద విజయమే.

వాన పడితే వచ్చే కూరలు

మన సీమలో వాన తక్కువన్నది తెలిసిందే. ఆ కొద్ది వాన పడగానే చేలల్లో ఎవరూ విత్తని కూర మొలుస్తుంది. గురుగాకు, చెంచలాకు, గంగవావిలాకు. కలుపుగా తీసి గట్టు మీద పారేసే మొక్కలే. ఆగస్టులో పొలం పనికి పోయే ఒకామె మా వీధిలోకి గంపలో వీటిని కలగలిపి తెచ్చింది. ఇన్నేళ్లుగా ఆమె తెస్తూనే ఉందట. రైతుబజారులో పాలకూర, తోటకూర మాత్రమే కొనే నాకు ఆ గంప ఎప్పుడూ కనబడలేదు.

అత్త ఆ గంపను తడిమి చూసి, కన్ను సరిగా కనబడకపోయినా వేళ్లతోనే ఆకులు వేరు చేసింది. ఏది ముదురు, ఏది లేత, ఏ కాడ తీసేయాలి అన్నీ చేతికి తెలుసు. కందిబేడలతో పాటు ఆకులన్నీ ఉడికించి, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, చింతపండు వేసి పప్పుగుత్తితో మెత్తగా ఎనిపి, తెల్లగడ్డ తిరగమోత పెట్టాం. ఆ వాసనకు మా ఆయన ఆఫీసు ఫోన్ మధ్యలో ఆపి వంటింట్లోకి వచ్చాడు. “చిన్నప్పుడు తిన్నా ఇది” అన్నాడు. పెళ్లయిన పదిహేనేళ్లలో ఎప్పుడూ అడగలేదేమని నేనన్నాను. “నువ్వు కడపోళ్ల పిల్లవు, నీకు తెలీదేమో అనుకున్నా” అన్నాడు. మా కడపలో ఇవి లేవా? ఉన్నాయి. మా అమ్మా చేసేది. ఇద్దరం ఒకే కూరను పదిహేనేళ్లు ఎవరికి వాళ్లం మరిచిపోయి కూర్చున్నాం.

ఒక చిన్న జాగ్రత్త చెప్పాలి. ఇలాంటి ఆకులు ఎరిగినవాళ్ల చేత ఏరించుకునే వండండి. రోడ్ల పక్కన, మురుగు కాలువల దగ్గర, మందు కొట్టిన చేలల్లో కోసినవి వద్దు. చివర్లో పొయ్యి ఆపేశాక నిమ్మరసం పిండితే రుచి పెరుగుతుంది, డాక్టరమ్మ చెప్పిన విటమిన్ సి కూడా మంటకు పోకుండా దక్కుతుంది.

కొర్రలు: తొందరపడితే కుదరవు

కొర్రల పేరు ఈ మధ్య అందరి నోటా వింటున్నాం. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. సిరిధాన్యాల ప్రచారానికి జీవితం పెట్టిన, మన ప్రొద్దుటూరులో పుట్టిన డాక్టర్ ఖాదర్ వలీ గారికి అదే ఏడాది పద్మశ్రీ వచ్చింది. మన నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనే ‘సూర్యనంది’ లాంటి కొర్ర రకాలు తయారయ్యాయి. ఇంత దగ్గరి గింజను నేను నలభై ఏళ్ల వయసులో మొదటిసారి కుక్కర్‌లో పెట్టాను.

మొదటి రోజు బియ్యం లాగే కడిగి పెట్టేశాను. పైన పలుకు, అడుగున ముద్ద. బాబు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, “అమ్మా, ఇది పిచ్చుకలకు వేసేది కదా?” అన్నాడు. ఆ రోజు ఇంటిల్లిపాదీ పెరుగన్నం తిన్నాం.

తర్వాత తెలిసిన సంగతులు ఇవి. రాత్రి నానబెట్టి పొద్దున వండాలి, కనీసం ఆరు గంటలు నానాలి. నానితే గింజ సమంగా ఉడుకుతుంది, అందులోని ఇనుమును కట్టిపడేసే ఫైటేట్లు కూడా కొంత తగ్గుతాయి. గ్లాసు కొర్రలకు రెండున్నర గ్లాసుల నీళ్లు, సన్నటి మంట, దించాక పది నిమిషాలు మూత తీయకుండా ఉంచడం. కొనేటప్పుడు మరీ తెల్లగా మెరిసిపోయేవి కొనకపోవడం, ఎందుకంటే పైపొర మొత్తం పాలిష్‌లో పోయినట్లే. ఇంకో సంగతి. కొర్రల్లో ఇనుము చాలా ఎక్కువనుకుని మొదలుపెట్టాను. చూస్తే సజ్జల్లో దానికి రెండింతలకు పైగా ఉంది. కొర్రల్లో ఉన్న బలం పీచు, మాంసకృత్తులు. ఒక్కో గింజకు ఒక్కో గుణం. ఏదో ఒక్కదాన్నే మందులా నమ్ముకోకుండా మార్చి మార్చి వండుకోవడమే మేలని అర్థమైంది.

ఇప్పుడు మా ఇంట్లో కొర్రలు వారానికి రెండుసార్లు. ఒకసారి పెసరపప్పు, మిరియాలతో పొంగలి, ఇంకోసారి నిమ్మకాయ చిత్రాన్నం. చిత్రాన్నం చేస్తే పసుపు రంగులో కొర్రకూ బియ్యానికీ తేడా పెద్దగా తెలియదు. బాక్సులో నిశ్చింతగా పెట్టొచ్చు.

బాక్సుకు ఒకటి, ఇంటికి ఒకటి

ఇక్కడే పాపకూ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. రొట్టె ఇంట్లో తింటుంది, స్కూలుకు తీసుకుపోదు. బాక్సులో ఏముండాలో ఆదివారం తనే రాసిస్తుంది. కానీ అందులో వారానికి మూడు రోజులు నా జాబితాలోంచి ఉండాలి. మొదట్లో నాకిది ఓటమిలాగే అనిపించింది. మన తిండికి సిగ్గెందుకని గట్టిగా చెప్పాలి కదా అనుకున్నాను. మళ్లీ హాస్టల్ వరండా గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఎవరైనా ఉపన్యాసం ఇచ్చి ఉంటే సంగటి బయటికి తెచ్చేదాన్నా? తెచ్చేదాన్ని కాదు. ఆ క్యారియరే వద్దనేదాన్ని.

ఆ ఒప్పందం వల్ల నా పాత వంటలే కొత్త రూపాల్లో బయటపడ్డాయి. కర్నూలులో పుట్టినవాళ్లకు ఉగ్గాని గురించి నేను చెప్పేదేముంది? మిరపకాయ బజ్జితో ఉదయం హోటళ్లలో తినే తిండి అది. బాక్సులోకి బజ్జి బదులు ఉడికించిన మొలకలు, వేయించిన బుడ్డలు కలిపాను. (మా కడపలో శెనక్కాయలంటాం. అత్తింట్లో బుడ్డలనకపోతే నవ్వుతారు.) చివర్లో నిమ్మరసం. ఈ డబ్బా ఒక్కరోజు కూడా మిగిలి రాలేదు.

నవంబర్‌లో పుట్టింటికి పోయినప్పుడు మైదుకూరు వైపు నుంచి కె.పి. ఉల్లి తెచ్చుకున్నాను. కృష్ణాపురం ఉల్లి అని పూర్తి పేరు. చిన్నగా, ముదురు ఎరుపుగా, కోస్తే కళ్లు మండేంత ఘాటుగా ఉంటుంది. పండినదాంట్లో చాలా భాగం సింగపూర్, మలేషియాలకు ఎగుమతి అవుతుంది కాబట్టి దగ్గర్లో ఉండే మనకే సులువుగా కనబడదు. ఈ ఉల్లి, నానబెట్టిన ఎండుమిర్చి, తెల్లగడ్డ, ఉప్పు, కాస్త చింతపండు కలిపి నూరితే కడప కారం దోసె మీద పూసే ఎర్ర కారం అవుతుంది. పైన పప్పుల పొడి చల్లాలి. పిల్లల కోసం మిర్చి సగానికి తగ్గించి, దోసె పిండిలో బియ్యం సగం తీసేసి సజ్జలు నానబెట్టి రుబ్బాను. పులిసిన పిండిలో సజ్జల రంగు, ఆ పైన ఎర్ర కారం. సజ్జ ఎక్కడుందో కనిపెట్టమంటే మా ఆయన కూడా కనిపెట్టలేకపోయాడు. పాపకు మాత్రం ముందే చెప్పాను. మోసం చేసి పెట్టడం ఇష్టం లేకపోయింది.

భోగి నాటి రొట్టెలు

సంక్రాంతికి పల్లెకు పోయాం. మా అత్తగారింట్లో భోగి రోజు నువ్వులద్దిన సజ్జ రొట్టెలు, గుత్తి వంకాయ కూర చేస్తారు. అత్త కన్ను బాగైంది, మళ్లీ పొయ్యి దగ్గర తన చోట కూర్చుంది. వరుసయ్యే పిల్లలంతా చుట్టూ చేరారు. ఎవరి రొట్టె గుండ్రంగా వస్తుందో చూద్దామని పందెం. పాప తట్టిన మొదటి రొట్టె పెనం మీద రెండు ముక్కలైంది. రెండోది భారతదేశం పటంలా వచ్చింది. నాలుగోది పొంగింది. అత్త ఆ రొట్టెనే తీసి తన పళ్లెంలో వేసుకుని, “మనవరాలి రొట్టె” అంది. ఇంకేం అనలేదు.

జనవరి చివర్లో ఒక ఆదివారం జాబితా రాస్తూ బుధవారం పక్కన పాప తనే రాసింది: నువ్వుల రొట్టెలు, నాలుగు. ఒక్క మనిషికి నాలుగెందుకని నేను అడగలేదు. బుధవారం పొద్దున ఐదింటికే లేచి తాజా పిండితో చేశాను. బాక్సు ఖాళీగా వచ్చింది. బ్యాగు పక్క జేబు చూడాలన్న ఆశ చేతిదాకా వచ్చింది. చూడకుండా మూసేశాను.

ఎండను దాచుకోవడం

మార్చిలో పత్తికొండ వైపు టమాటా ధర పడిపోయింది. ఇది మనకు కొత్త కాదు. కోసిన కూలి కూడా గిట్టదని రైతులు రోడ్డు పక్కన పోసేయడం దాదాపు ఏటా చూస్తున్నదే. మా ఆయన ఊరి నుంచి వస్తూ రెండు పెట్టెలు తెచ్చాడు. ఏం చేయాలో తోచలేదు. మా అమ్మకు ఫోన్ చేస్తే, “మనకు ఎండకేం కరువు? ఒరుగులు చెయ్యి” అంది. మటిక్కాయల ఒరుగులు, అంటే గోరుచిక్కుడు ఎండబెట్టినవి, నాకు తెలుసు. టమాటాకు తోచలేదు.

అంగుళం మందం చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి, మేడ మీద పల్చటి బట్ట కింద ఎండబెట్టాను. మన కర్నూలు ఎండకు నాలుగు రోజుల్లో తోలులా అయ్యాయి. మొదటి విడతలో మందం ఎక్కువై కొన్నిటికి బూజు పట్టింది, పారేశాను. రెండో విడతలో పావు అంగుళానికి తగ్గించాను, బాగా కుదిరాయి. రెండు పెట్టెల పండ్లు చివరికి రెండు సీసాలయ్యాయి. నీళ్లలో నానబెట్టి పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేదు. నూనెలో వేయించి బుడ్డలతో కలిపి పొడి చేస్తే రొట్టెలోకి అద్భుతం. ఈ జూన్‌లో టమాటా ధర పెరిగినప్పుడు ఆ సీసాల విలువ ఇంకా బాగా తెలిసింది.

ఇప్పుడు ఎక్కడున్నాం

జనవరి పరీక్షలో పాప హీమోగ్లోబిన్ 11.2. ఏప్రిల్‌లో 11.8. ఈ పెరుగుదలలో సింహభాగం మాత్రలదేనని డాక్టరమ్మ చెప్పారు, నేనూ ఒప్పుకుంటాను. మాత్రలు ఆపాక మళ్లీ పడిపోకుండా నిలబెట్టాల్సింది మాత్రం ఇంటి తిండేనని కూడా ఆమే చెప్పారు. 12 గీతకు ఇంకా కాస్త ఇవతలే ఉన్నాం. పాప మెట్లు మాత్రం ఆగకుండా ఎక్కుతోంది. స్టడీ అవర్‌లో తల వాల్చడం లేదని టీచర్ అన్నారు. ఫోన్ బీరువాలోంచి తీసి ఇచ్చేశాను, క్షమాపణతో సహా.

మీకు సలహాలిచ్చే అర్హత నాకేం ఉందో తెలియదు గానీ, ఒక తోటి తల్లిగా మూడు మాటలు. పిల్లలు నీరసంగా ఉంటే తిట్టే ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించండి. ఆగస్టు 10న, ఫిబ్రవరి 10న జరిగే జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు మీ పిల్లలకు మాత్ర అందేలా చూసుకోండి. ఇక బాక్సు మిగిలి వస్తే, ఎందుకు మిగిలిందో పిల్లనే అడగండి. రుచి బాగాలేకపోవచ్చు, పక్కవాళ్ల చూపుకు భయపడి ఉండొచ్చు. రెండింటికీ మందు వేరు వేరు.

ఇంకొకటి. మీ ఇంట్లో జేజి, అవ్వ ఎవరైనా ఉంటే ఈ వేసవి వానల మధ్యలో ఒక పూట వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, గరిటె మీరు పట్టుకోండి. ఆకును వేళ్లతో గుర్తుపట్టే చేతులు ఇంకెన్నాళ్లు మన దగ్గర ఉంటాయో చెప్పలేం.

ఇలా చేసి చూడండి: బాక్సు ఉగ్గాని (ఇద్దరు పిల్లలకు)

కావలసినవి: బొరుగులు 4 గ్లాసులు, ఉల్లిగడ్డ 1, పచ్చిమిర్చి 2, పప్పుల పొడి 3 చెంచాలు, ఉడికించిన పెసర మొలకలు అర కప్పు, వేయించిన శెనక్కాయలు 2 చెంచాలు, నిమ్మకాయ 1, నూనె, తిరగమోత గింజలు, కరివేపాకు, పసుపు, ఉప్పు, కొత్తిమీర.

తయారీ: బొరుగులు నీళ్లలో వేసి, మెత్తబడగానే గట్టిగా పిండి పక్కన పెట్టుకోవాలి. ఎక్కువసేపు నానితే ముద్దవుతాయి. నూనెలో తిరగమోత వేసి, కరివేపాకు, దంచిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ వేయించాలి. పసుపు, ఉప్పు, మొలకలు వేసి ఒక నిమిషం కలిపాక బొరుగులు వేయాలి. పొయ్యి ఆపేసి పప్పుల పొడి, శెనక్కాయలు, కొత్తిమీర కలపాలి. కాస్త చల్లారాక నిమ్మరసం పిండి బాక్సులో పెట్టాలి. పక్కన ఒక జామకాయ ముక్క ఉంటే ఇంకా మంచిది.

మీ ఇంట్లో ఈ ఏడాది కొత్తగా కనుక్కున్న పాత వంట ఏదైనా ఉంటే ఒక కాగితం మీద రాసి పిల్లల డైరీలో పెట్టి పంపండి. వచ్చే నెల ఈ పేజీలో మీ వంట చదవాలని నాకు ఆశగా ఉంది. పొద్దున ఆరింటి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబులు అప్పుడే అయిపోవస్తున్నాయి.

— ఎనిమిదో తరగతి విద్యార్థిని తల్లి, కర్నూలు